పూల చేలకు రండి, గట్టు మాత్రం దిగకండి

సంపాదకులకు నమస్కారం.

ఈ మధ్య మన జిల్లా ఎడిషన్‌లో గజపతినగరం వైపు పొద్దుతిరుగుడు చేల ఫొటో పెద్దగా వేశారు. ఫొటో చాలా బాగుంది, తీసినవాళ్లకు నా అభినందనలు. కానీ దాని కింద ఊరి పేరు, రోడ్డు పేరు, ఎలా వెళ్లాలో అన్నీ రాశారు గానీ అక్కడికి వెళ్లినవాళ్లు ఏం చేయకూడదో ఒక్క ముక్క కూడా రాయలేదు. ఆ వారం ఆ చేల దగ్గర ఏం జరిగిందో దగ్గరుండి చూశాను కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను. నేను అడిగేది ఒక్కటే. పూల ఫొటోలు వేయండి, జనాన్ని రమ్మనండి, కానీ అది పార్కు కాదు, ఒకరి పంట అనే మాట కూడా అదే ఫొటో కింద వేయండి.

నేను ఫొటోలకు వ్యతిరేకిని కాదు. విజయనగరంలో ఉద్యోగం, సెలవు దొరికితే కెమెరా పట్టుకొని బయల్దేరడం, ఇదే నా సరదా. మాఘం, ఫాల్గుణం వచ్చాయంటే ఇంట్లో కూర్చోబుద్ధి కాదు. మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో ఆ రోజుల్లో ఎటు వెళ్లినా ఏదో ఒకటి పూసి ఉంటుంది. మామిడి తోటలు పూతతో కమ్మేసి ఉంటాయి, వరి కోసిన మళ్లలో పశువుల మేతకని చల్లిన జనుము పచ్చగా విరగబూస్తుంది, ఎర్ర నేలల్లో నువ్వు చేలు తెల్లగా కనిపిస్తాయి, శ్రీకాకుళం తీరం వైపు ఉద్దానంలో జీడి తోటల దగ్గరకు పోతే పూత వాసనకే తల తిరుగుతుంది. సాలూరు దారిలో కొండల పక్కన మోదుగ చెట్లు ఒక్క ఆకు లేకుండా నిలువెల్లా ఎర్రగా పూసి ఉంటాయి. ఇవన్నీ చూడ్డానికి విమానం ఎక్కి ఎక్కడికో పోనక్కర్లేదు, పొద్దున్నే బయల్దేరితే సాయంత్రానికి ఇంటికొచ్చేయొచ్చు. అందుకే జనం రావాలనే కోరుకుంటాను. మన ఊళ్ల అందం మన పిల్లలకే తెలియకపోతే ఎలా?

ఇక ఆ రోజు సంగతి. మా అక్క కూతురు, మా ఆఫీసులో ఇద్దరు ఫ్రెండ్స్, నేను తెల్లవారకముందే బయల్దేరి సూర్యుడు పైకి వచ్చేసరికి ఆ చేల దగ్గరున్నాం. చేను తూర్పు గట్టు మీద ఒక రైతు, ఆయన భార్య కూర్చొని ఉన్నారు, పక్కన ఖాళీ నూనె డబ్బా, ఒక కర్ర. చిలకలు వస్తే డబ్బా కొట్టడానికి. మేం దగ్గరకెళ్లి, "బాబాయ్, ఫొటోలు తీసుకోవచ్చా?" అని అడిగితే ఆయన లేచి నిలబడి, "ఏటమ్మా, పొటోలకా? తీసుకోండి. సేలోకి దిగకండి, అంతే సాలు" అన్నాడు. అడిగినందుకే ఆయన అంత ఆశ్చర్యపోయాడంటే అంతకుముందు వచ్చినవాళ్లు అడగలేదన్నమాట.

ఆయన మమ్మల్ని గట్టు వెంట తీసుకెళ్లి చూపించాడు. రోడ్డు వైపు నాలుగైదు సాళ్లలో మొక్కలు పక్కకి వాలిపోయి ఉన్నాయి, కొన్నిచోట్ల కాడ విరిగి పువ్వు నేలకు వేలాడుతోంది, మధ్యలో మనుషులు నడిచిన బాట స్పష్టంగా కనిపిస్తోంది. రెండు రోజుల క్రితమే తడి పెట్టిన చేను అది, బూట్ల అచ్చులు లోతుగా దిగబడి అలాగే గట్టిపడిపోయాయి. ఒక పువ్వు చుట్టూ ఉండే పూరేకులన్నీ లాగేసి ఉన్నాయి, ఎవరో సరదాకి లాగి ఉంటారు. అన్నిటికంటే నాకు బాధ అనిపించింది రిబ్బన్ల విషయం. చిలకలు రాకుండా చేను మీద అడుగు ఎత్తున మెరిసే రిబ్బన్లు కడతారు, గాలికి అవి తళతళలాడుతూ చప్పుడు చేస్తుంటే పిట్టలు దగ్గరకు రావు. ఆ రిబ్బన్లు రోడ్డు వైపు మొత్తం తెగి కింద పడి ఉన్నాయి. "పొటోకి అడ్డొస్తందంట, తెంపీసినారు. సిలకలొచ్చి తినేస్తే ఎవులిస్తారమ్మా?" అంది ఆమె. కోపంగా కూడా అనలేదు. వాళ్లది సొంత పొలం కాదు, కౌలు. పంట వచ్చినా రాకపోయినా కౌలు డబ్బు కట్టాల్సిందే.

పూలు నాలుగు విరిగితే ఏమవుతుంది అంటారేమో. లెక్క చూద్దాం. పొద్దుతిరుగుడు ఎకరానికి 20 వేలకు పైగా మొక్కలుంటాయి. బాగా పండితే ఒక్కో పువ్వుకు 30 గ్రాముల గింజ అనుకుందాం, అంటే ముప్పై మూడు పువ్వులు కలిస్తే కిలో. 2025-26కి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 7,721 రూపాయలు, కిలోకి 77 రూపాయలు. ఒక మనిషి వల్ల పోయేది చిన్న మొత్తమే, కాదనను. కానీ వచ్చేది ఒక మనిషి కాదు కదా, ఫొటో పేపర్లో పడ్డ వారం బైకులు, కార్లు బారులు తీరాయి. ప్రతి బ్యాచ్‌కీ ముందువాళ్లు తొక్కిన చోట నుంచి ఇంకో రెండడుగులు లోపలికి వెళ్తేనే "ఫ్రెష్" బ్యాక్‌గ్రౌండ్ దొరుకుతుంది. అలా ఆదివారం సాయంత్రానికి రోడ్డు వైపు సాళ్లు పోతాయి. దానికి చిలకలు తిన్నది కలపండి. ఎకరం రెండెకరాలు కౌలుకు చేసుకునే మనిషికి అది చిన్న మొత్తం కాదు.

విరిగిన పువ్వుల కంటే పెద్ద నష్టం ఇంకోటి ఉంది, అది ఫొటోలు తీసేవాళ్లలో చాలామందికి తెలియదు. పొద్దుతిరుగుడు పువ్వు అని మనం అనేది నిజానికి ఒక పువ్వు కాదు, మధ్యలో గుండ్రంగా కనిపించే భాగం అంతా వందల చిన్న చిన్న పూలు. దగ్గరగా చూస్తే తెలుస్తుంది, అంచు నుంచి లోపలికి వరుస వరుసగా విచ్చుకుంటూ వస్తాయి, విచ్చుకున్న వరుస మీద పసుపు పచ్చని పుప్పొడి, ఇంకా లోపల మొగ్గలు మూసుకొనే ఉంటాయి. ఈ విచ్చుకోవడం వారం పది రోజులు సాగుతుంది. ఆ రోజుల్లో తేనెటీగలు వచ్చి పుప్పొడి ఒక పువ్వు నుంచి ఇంకో పువ్వుకు చేర్చాలి, లేకపోతే గింజ కట్టదు, తాలు గింజలే మిగులుతాయి. తేనెటీగలు చాలని చోట రైతులే చేతికి మెత్తటి గుడ్డ చుట్టుకొని పొద్దున ఎనిమిది, తొమ్మిది నుంచి పదకొండు లోపు, రోజు విడిచి రోజు, ఒక్కో పువ్వు మీద మెల్లగా రుద్దుతారు. ఆ రోజు రైతు భార్య చేసి చూపించింది. చీర కొంగు దోపుకొని, అరచేతికి పాత పంచె ముక్క చుట్టుకొని, ఎడమ చేత్తో పువ్వు వెనక భాగం పట్టుకొని కుడి చేత్తో గుండ్రంగా ఒక్కసారి తిప్పి వదిలేస్తుంది, వెంటనే పక్కదానికి వెళ్తుంది. పట్టుకునేటప్పుడు కాడ వంగకుండా చూసుకుంటుంది. మా అక్క కూతురు కెమెరా పక్కన పెట్టేసి అదే చూస్తూ నిలబడిపోయింది. ఆ చేతి ఫొటోనే ఆ రోజు మేం తీసినవాటిలో అన్నిటికంటే మంచి ఫొటో, ఆమె ఒప్పుకుంది కాబట్టే తీశాం.

ఇప్పుడు ఆలోచించండి. సరిగ్గా ఆ పనిచేసే సమయంలో, తేనెటీగలు తిరిగే సమయంలో, చేల్లో యాభైమంది తిరుగుతుంటే ఆమె ఏం రుద్దుతుంది? తేనెటీగలు ఉన్నాయి కదా అని భయపడి కొందరు చేతులు ఊపుతారు, ఇంకొకళ్లు ఏదో స్ప్రే కొట్టుకొని వస్తారు. తేనెటీగ కుట్టిందని రైతు మీద అరిచినవాళ్లు కూడా ఉన్నారట.

ఫొటో పరంగా చూసినా చేలోకి దిగాల్సిన అవసరం అసలు లేదు, ఇది నేను గట్టిగా చెప్పగలను. పొద్దుతిరుగుడు మొక్క లేతగా, మొగ్గగా ఉన్నప్పుడే సూర్యుడితో పాటు తిరుగుతుంది. పూర్తిగా విచ్చుకున్న పువ్వు తిరగదు, తూర్పు వైపే చూస్తూ నిలబడిపోతుంది. కాబట్టి పొద్దున్నే వెళ్లి తూర్పు గట్టు మీద నిలబడితే చేను చేనంతా మన వైపే చూస్తుంది, వెలుగు కూడా మన వెనక నుంచి పూల మీద పడుతుంది. సాయంత్రం వచ్చి రోడ్డు పక్క నిలబడి "పూలన్నీ వీపు చూపిస్తున్నాయి" అని లోపలికి దూరేవాళ్లే ఎక్కువ, ఎందుకంటే వాళ్లకు ఈ సంగతి తెలియదు. ఫోన్‌తో తీసేవాళ్లైతే గట్టు మీద మోకాళ్ల మీద కూర్చొని, పువ్వు ఎత్తుకు ఫోన్ దించి, రెండింతలు జూమ్ పెట్టి తీయండి. సాళ్లన్నీ దగ్గరకు జరిగినట్టు కనిపించి మధ్యలో ఖాళీ కనిపించదు. మనిషి పూల మధ్యలో ఉన్నట్టు కావాలంటే మనిషిని గట్టు మూల మీద నిలబెట్టి, అవతల మూల నుంచి పూల మీదుగా తీయండి. ముందు పూలు, వెనక పూలు, మధ్యలో మనిషి. మేం అన్నీ అలాగే తీశాం, చూసినవాళ్లెవరూ లోపల నిలబడలేదంటే నమ్మలేదు. ఎనిమిదిలోపు ఫొటోల పని ముగిసిపోతుంది, ఆ తర్వాత వెలుగు ఎలాగూ గట్టిపడిపోతుంది, చేను రైతుకీ తేనెటీగలకీ వదిలేసి గజపతినగరం వచ్చి టిఫిన్ చేయొచ్చు.

నువ్వుల చేల గురించి కూడా రాయాలి, ఎందుకంటే ఇంకెవరూ రాయరు. విజయనగరం జిల్లాలో నువ్వు ఎప్పటి నుంచో వేస్తున్న పంట. దూరం నుంచి చూస్తే పెద్ద అందం ఏమీ కనిపించదు, ఆగి వంగి చూడాలి. గంటలా కిందికి వేలాడే తెల్లటి పువ్వు, లోపల లేత ఊదా రంగు, మీద సన్నటి నూగు. తెల్లవారుజామున విచ్చుకుంటుంది, ఆ సాయంత్రానికి రాలిపోతుంది. మొక్క కింద నుంచి పైకి పూస్తూ పోతుంది కాబట్టి ఒకే మొక్క మీద కింద కాయలు, మధ్యలో పూలు, పైన మొగ్గలు మూడూ కనిపిస్తాయి. మాక్రో, అంటే బాగా దగ్గర నుంచి ఫొటోలు, తీసేవాళ్లకు ఇంతకంటే మంచి పువ్వు మన దగ్గర లేదు. అక్కడక్కడా ఒక మొక్కకు పూల బదులు ఆకుపచ్చగా గుత్తులు గుత్తులుగా ఏదో వచ్చి ఉంటుంది. అదేదో వింత పువ్వు అని ఫొటో తీసి పెట్టేవాళ్లను చూశాను. అది పువ్వు కాదు, వెర్రి తెగులు. పూత అంతా ఆకులుగా మారిపోతుంది, కాయ పట్టదు, దీపపు పురుగులనే రసం పీల్చే చిన్న పురుగులు దాన్ని పక్క మొక్కలకు మోసుకుపోతాయి. కనిపిస్తే ఆ మొక్క ఎక్కడుందో రైతుకు చూపించండి, పీకేస్తాడు. ఫొటో తీయడానికి వచ్చినవాళ్లు చేయగలిగిన ఉపకారం అది.

ఉద్దానం సంగతి వేరు. పలాస, వజ్రపుకొత్తూరు, మందస, కవిటి వైపు జీడి పూత చూడ్డానికి ఇప్పుడిప్పుడే బయటి జనం వస్తున్నారు. జీడి పువ్వు చాలా చిన్నది, తెల్లటి రేకుల మీద గులాబీ చారలు, గుత్తికి వందల పూలు. కానీ అందులో కాయ పట్టేవి చాలా తక్కువ, ఎక్కువ భాగం మగ పూలే. ఫొటోలో మొహం పక్కన గుత్తి రావాలని కొమ్మ వంచి లాగితే ఆ కాస్త పట్టేవీ రాలిపోతాయి. అక్కడి వాళ్లు 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను ఒక్క రాత్రిలో జీడి, కొబ్బరి తోటలను కూల్చేయడం చూసినవాళ్లు. మళ్లీ మొక్క పెట్టి, అది పూతకు రావడానికి ఏళ్ల తరబడి ఎదురుచూసినవాళ్లు. ఇవాళ మనం ఫొటో తీసుకునే చిన్న చెట్లలో చాలావరకు అలా మళ్లీ పెట్టినవే. ఆ చెట్టు కొమ్మ పట్టుకొని లాగే ముందు ఈ ఒక్క విషయం గుర్తుంటే చాలు, నాకు తెలిసి ఎవరూ లాగరు. కావాలని పాడుచేసే జనం తక్కువ, తెలియక చేసేవాళ్లే ఎక్కువ. అందుకే పేపర్లో రాయమని అడుగుతున్నాను.

ఎవరి పంటా పాడవకూడదు, ఎవరినీ అడగక్కర్లేకుండా తనివితీరా ఫొటోలు తీసుకోవాలి అనుకునేవాళ్లు మోదుగ పూల దారి పట్టండి. చెట్టు ఎక్కకుండా, కొమ్మ విరవకుండా ఉంటే చాలు.

డబ్బు విషయం కూడా మాట్లాడుకోవాలి. అరకులో వలిసె అనే నూనె గింజల పంట పూసే కాలంలో కొన్నిచోట్ల గిరిజన రైతులే చేలోకి దారి వదిలి, వచ్చినవాళ్ల దగ్గర కొంత డబ్బు తీసుకుంటున్నారు. మొదట్లో దాన్ని తప్పుపట్టినవాళ్లున్నారు. "పువ్వు చూడ్డానికి కూడా డబ్బేంటి?" అని. నాకైతే అందులో తప్పేమీ కనిపించదు. ప్రీ వెడ్డింగ్ షూట్‌కు వచ్చేవాళ్లు డ్రెస్సులకు ఇస్తారు, మేకప్‌కు ఇస్తారు, కెమెరామన్‌కు ఇస్తారు, డ్రోన్‌కు వేరే ఇస్తారు, మొత్తం ఫొటోలో కనిపించే చేనుకు మాత్రం పైసా ఇవ్వరు. ఇదేం న్యాయం? నేను చూసిన రైతుకు మేం కొంత ఇవ్వబోతే ఆయన తీసుకోలేదు, "పొటోకి డబ్బులేటమ్మా" అన్నాడు. ఆయన వద్దన్నాడని మనం ఊరుకోకూడదు, తెగిన రిబ్బన్లకని చెప్పి ఆమె చేతిలో పెట్టి వచ్చాం. అలా కాకుండా ఇది ఒక పద్ధతిగా ఉంటే ఆయనకూ మొహమాటం ఉండదు, వచ్చేవాళ్లకూ ఎంత ఇవ్వాలో తెలుస్తుంది.

పద్ధతి అంటే పెద్ద ప్రాజెక్టులు, శంకుస్థాపనలు అక్కర్లేదు. ఏ ఊళ్లో ఏ పంట ఎంత వేశారో ప్రభుత్వం పంటలు నమోదు చేసే ఈ-క్రాప్‌లో ఉంటుంది, ఎప్పుడు పూతకు వస్తుందో రైతు సేవా కేంద్రంలో ఉండే సిబ్బందికి తెలుసు. ఇష్టపడ్డ రైతులతో మాట్లాడి, రోడ్డు పక్క చేను దగ్గర ఒక బోర్డు పెట్టొచ్చు. ఇది ఫలానా పంట, ఇన్ని గంటల లోపు ఫొటోలు, గట్టు దిగకూడదు, రిబ్బన్లు ముట్టుకోకూడదు, రైతుకు ఇంత ఇవ్వాలి. ఇష్టపడని రైతు చేను దగ్గర "ఇక్కడ వద్దు" అని ఇంకో బోర్డు. ఆ మాత్రం చాలు. పంచాయతీలు కార్లు ఆపుకోవడానికి ఒక ఖాళీ జాగా చూపిస్తే ట్రాక్టర్లకు, ఎడ్ల బళ్లకు దారి మిగులుతుంది. మొన్న ఆ పుంత దారిలో అడ్డంగా కారు పెట్టి వెళ్లిపోతే మేత తెస్తున్న బండి చాలాసేపు ఆగిపోయింది, హారన్ కొట్టడానికి అది కారు కాదు కదా పాపం.

మీరు పేపర్‌వాళ్లు చేయాల్సింది ఇంకా సులువు. పూల చేను ఫొటో వేసినప్పుడల్లా కింద రెండు లైన్లు వేయండి. ఏ పంట, ఏ దశలో ఉంది, ఎవరి కష్టం అనేది ఒక లైను. గట్టు మీద నుంచే చూడండి, అడిగి తీసుకోండి అనేది ఇంకో లైను. రైతు ఒప్పుకుంటేనే ఊరి పేరు వేయండి, ఒప్పుకోకపోతే మండలం పేరు చాలు. పాఠకులు పంపే ఫొటోల్లో చేను మధ్యలో మనుషులు నిలబడి ఉన్నవి అచ్చు వేయడం మానేయండి, ఎందుకంటే అవి చూసే మిగతావాళ్లూ దిగుతున్నారు. ఇది నా అభ్యర్థన.

ఒక విషయం మాత్రం మర్చిపోకండి. 2022లో యుక్రెయిన్ యుద్ధం వచ్చినప్పుడు సన్‌ఫ్లవర్ ఆయిల్ ధర ఎలా పెరిగిందో ప్రతి ఇంట్లో అందరూ చూశారు. మనం వాడే ఆ నూనెలో ఎక్కువ భాగం బయటి దేశాల నుంచే వస్తోంది. అలాంటప్పుడు మన దగ్గర ఎకరమో రెండెకరాలో ఈ పంట వేసే రైతు, జనం తొక్కేస్తున్నారని విసిగి వచ్చే ఏడు రోడ్డు పక్కన మొక్కజొన్న వేసేస్తే పోయేది ఆయన ఒక్కడిది కాదు. ఆ రోజు ఆయన ఆ మాట అననే అన్నాడు: "మల్లేడు మొక్కజొన్న ఏసేత్తానమ్మా, దాన్ని ఎవుడూ పొటో తీయడు."

ఆలస్యంగా విత్తిన చేలు అక్కడ ఇంకా కొన్ని ఉన్నాయి, వచ్చే రెండు వారాల్లో అవి పూతకు వస్తాయి. శని, ఆదివారాల కంటే ముందే ఈ ఉత్తరం అచ్చు వేస్తే ఉపయోగం ఉంటుంది. మొత్తం వేయడానికి చోటు లేకపోతే రిబ్బన్ల సంగతి, పొద్దున ఎనిమిదిలోపు తూర్పు గట్టు సంగతి ఈ రెండూ అయినా వేయండి.

ఇట్లు,
మీ పాఠకురాలు,
విజయనగరం